హిట్ క్లాసులో చేరే ముందు ట్రైనర్‌ని ఏమేం అడగాలి?

నిజాంపేట_41

అందరికీ నమస్తే. మా అపార్ట్‌మెంట్‌కి రెండు వీధుల అవతల కొత్తగా ఫిట్‌నెస్ స్టూడియో పెట్టారు. అన్నీ హై ఇంటెన్సిటీ క్లాసులే, కాసేపు బాగా తీవ్రంగా చేసి కాసేపు ఆగే ఇంటర్వెల్ వ్యాయామం, అదే హిట్ అంటున్నారు కదా. నలభై ఐదు నిమిషాలు, బ్యాచ్‌కి పాతిక మంది. నాకు 41 ఏళ్లు, కూర్చుని చేసే ఉద్యోగం, బీపీకి రోజూ మాత్ర వేసుకుంటాను. కాలేజీ వదిలాక పరుగన్నదే లేదు. మా తోడికోడలు కూడా వస్తానంటోంది. తనకి రెండూ సిజేరియన్లే, చిన్నవాడికి ఇంకా ఏడాది నిండలేదు.

ట్రయల్ క్లాసుకి వెళ్లాం. పేరు, ఫోన్ నంబరు రాసుకున్నారు, బరువు చూశారు. పది నిమిషాలు తిరక్కుండానే బర్పీలు (చేతులు నేలకి ఆన్చి, కాళ్లు వెనక్కి వేసి, లేచి గెంతడం), బాక్స్ జంప్‌లు (పెట్టె మీదికి ఎగరడం) మొదలయ్యాయి. బీపీ గురించి గానీ ఆపరేషన్ల గురించి గానీ ఎవరూ అడగలేదు. బయట బోర్డు మీద 'ఇంటర్నేషనల్ సర్టిఫైడ్ కోచ్' అని ఉంది. ఏ సర్టిఫికెట్ అని అడిగితే "ఇంటర్నేషనల్ మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి. మనిషి మంచివాడే, ఓపిగ్గానే మాట్లాడాడు. మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టమంటున్నారు. వీళ్లకి అసలు ఏ చదువు ఉండాలి? ఏం చూసి నమ్మాలి?

బెజవాడ_కోచ్

గ్రూప్ క్లాసులు చెప్పడమే నా పని కాబట్టి కాస్త వివరంగా రాస్తానండి.

మన దేశంలో ఫిట్‌నెస్ ట్రైనర్‌గా పనిచేయడానికి లైసెన్స్ ఏదీ అక్కర్లేదు. అద్దెకి ఒక హాలు, నాలుగు కెటిల్‌బెల్స్, ఒక స్పీకర్ ఉంటే రేపటి నుంచే క్లాసు పెట్టొచ్చు. అందుకే అడిగి తెలుసుకునే భారం మీ మీదే పడుతోంది.

ప్రభుత్వం తరఫున ఉన్నది స్కిల్ ఇండియా వాళ్ల 'ఫిట్‌నెస్ ట్రైనర్' కోర్సు. జాతీయ నైపుణ్య అర్హతల్లో అది నాలుగో స్థాయి. ప్రాథమికాలకి సరిపోతుంది. ఇక బోర్డుల మీద 'ఇంటర్నేషనల్' అంటే ఎక్కువగా అమెరికా సంస్థలు: ఏసీఈ, ఏసీఎస్ఎం, ఎన్ఏఎస్ఎం, ఎన్ఎస్‌సీఏ. వీటి ట్రైనర్ సర్టిఫికెట్ రావాలంటే 18 ఏళ్లు నిండాలి, సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కే ప్రథమ చికిత్స) నేర్చుకుని ఉండాలి. పాసైనా అది జీవితాంతం చెల్లదు. ఉదాహరణకి ఏసీఈ సర్టిఫికెట్ రెండేళ్లకే ముగుస్తుంది, 20 గంటల అదనపు చదువు చూపిస్తేనే రెన్యువల్. కాబట్టి పేరు ఒక్కటే చూడకండి, గడువు తేదీ చూడండి. పేరు కొట్టి సరిచూసుకునే వీలు వాళ్ల వెబ్‌సైట్లలోనే ఉంటుంది.

క్రాస్‌ఫిట్ అనే వ్యాయామ పద్ధతి ట్రైనర్లకిచ్చే లెవెల్ వన్ అంటే రెండు రోజుల కోర్సు, చివర్లో పరీక్ష, ఐదేళ్ల గడువు. రెండు రోజుల్లో స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, ప్రెస్ లాంటి ప్రాథమిక కదలికలు బాగానే నేర్పుతారు. కానీ రెండు రోజులు రెండు రోజులే. లెస్ మిల్స్ అనే సంస్థ గ్రూప్ క్లాసులు చెప్పేవాళ్లయితే శిక్షణ తర్వాత తాము చెప్పిన క్లాసుని వీడియో తీసి పంపాలి, అది చూసి సర్టిఫై చేస్తారు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది, ఎందుకంటే క్లాసు చెప్పగలడా లేదా అన్నదే అక్కడ పరీక్ష. పాటియాలా ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) డిప్లొమా గొప్పదే, కాకపోతే అది ఆటల కోచ్‌ల కోసం. బీపీఎడ్ (వ్యాయామ విద్య డిగ్రీ) చేసినవాళ్లు కూడా ఈ రంగంలో చాలామంది ఉన్నారు, శరీర నిర్మాణం మీద వాళ్ల పునాది గట్టిది.

ఇంత చెప్పాక కూడా ఒక మాట. పాతికమందిలో ఎవరి మోకాలు లోపలికి వాలుతోందో పట్టుకునే కన్ను ఏ కాగితం ఇవ్వదు. అది క్లాసులో నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

గాజువాక_ఫిజియో

కోచ్ గారు చెప్పింది నిజం. నా దగ్గరికి మోకాళ్లు, నడుము పట్టుకుని వచ్చేవాళ్లని నేను ముందు అడిగేది "మొదటి రోజు మిమ్మల్ని ఏం అడిగారు" అని. చాలామంది సమాధానం "ఫీజు ఎప్పుడు కడతారని" అనే.

చేరే ముందు ఒక పేజీ ఫారం నింపించాలి. పార్‌క్యూ ప్లస్ అని అందరికీ ఉచితంగా దొరికేదే, మొదటి పేజీలో ఏడే ప్రశ్నలు. గుండె జబ్బు గానీ బీపీ గానీ ఉన్నాయని డాక్టరు చెప్పారా, ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్లు తిరిగి పడిపోయారా, దీర్ఘకాలిక జబ్బుకి మందులు వాడుతున్నారా, ఎముకల, కీళ్ల ఇబ్బంది ఉందా, ఇలాంటివి. ఐదు నిమిషాల పని. ఒక్కదానికి 'అవును' అన్నా రెండో విడత ప్రశ్నలు, అవసరమైతే డాక్టరు సలహా. ఏసీఎస్ఎం వాళ్లు 2015లో మార్చిన సూచనల ప్రకారం చూడాల్సినవి మూడు: ఇప్పుడు మీరు ఎంత కదులుతున్నారు, జబ్బు గానీ లక్షణాలు గానీ ఉన్నాయా, ఎంత తీవ్రతతో చేయబోతున్నారు. ఏళ్లుగా వ్యాయామం లేకుండా నేరుగా అధిక తీవ్రతకి దూకడమే అన్నిటికంటే ప్రమాదం. అసలు ప్రశ్నే అడగని చోట ఇదంతా ఎవరు చూస్తారు?

మీ బీపీ మాత్ర పేరు చూసుకోండి. ఎటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటి బీటా బ్లాకర్ అయితే గుండె వేగం మందు వల్లే తక్కువగా ఉంటుంది. వాచీలో 130 దాటలేదని ట్రైనర్ "ఇంకా పుష్ చేయండి" అంటాడు, మీరు అప్పటికే మీ పరిమితి దాటి ఉంటారు. 220లోంచి వయసు తీసేసే లెక్క మామూలు మనుషుల్లోనే పది పన్నెండు బీట్లు అటూ ఇటూ అవుతుంది. దానికంటే మాట పరీక్ష నమ్మకం. వాక్యం పూర్తిగా పలకగలిగితే మధ్యస్థం, రెండు మూడు మాటలకే ఊపిరి అందకపోతే తీవ్రం. మీరు మొదట్లో వాక్యం పలకగలిగే దగ్గరే ఉండాలి. మాత్ర మాత్రం సొంతంగా ఆపకండి.

మీ తోడికోడలు గారికి జంపింగ్ ఇప్పుడే వద్దు. ఎగిరినప్పుడు మూత్రం చుక్కలు పడుతున్నాయా, పొట్ట మధ్యలో ఉబ్బుతోందా అని అడిగే ట్రైనర్ దొరకడం కష్టం. చాలామంది ఆడవాళ్లు సిగ్గుతో చెప్పరు కూడా. ముందు పెల్విక్ ఫ్లోర్ (పొత్తికడుపు అడుగున ఉండే కండరాలు) చూసే ఫిజియోని ఒకసారి కలవమనండి. అలాంటి ఇబ్బంది ఉంటే అది నయం చేయదగ్గదే, ఓర్చుకోవాల్సింది కాదు.

వరంగల్_బార్‌బెల్

అన్నీ బానే ఉన్నయి గాని, ట్రైనర్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలె. నేను హన్మకొండలో ఒక పాత వ్యాయామశాలలో నేర్చుకున్న. మా మాస్టర్ దగ్గర కాగితం ఏదీ లేదు. ఖాళీ రాడ్‌తో నెలలు గడిచినంక గాని ప్లేట్ ఎక్కించనిచ్చేటోడు కాదు. ఆయన నేర్పిన స్క్వాట్ ఇప్పటికీ నా నడుముని కాపాడుతున్నది.

ఇప్పటి పిల్లల పరిస్థితి చూడండి. పొద్దున ఐదున్నర బ్యాచ్ నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడాలె. జీతం తక్కువ, పర్సనల్ ట్రైనింగ్ అమ్మితే కమీషన్. విదేశీ పరీక్ష ఫీజంటే వాళ్లకు నెలల జీతం. ఆ ఖర్చు ఓనర్ పెట్టడు. పైగా చెమట కారకపోతే, మర్నాడు ఒళ్లు నొప్పులు రాకపోతే "క్లాసు మెత్తగుంది" అని మెంబర్లే పక్క స్టూడియోకి పోతరు. తప్పంతా ఆ అబ్బాయి మీద వేస్తే ఎట్ల?

బెజవాడ_కోచ్

అన్నా, మీరన్నది వంద శాతం నిజం. మీ మాస్టర్ లాంటి వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లని నేను కళ్లకద్దుకుంటాను. కానీ ఆయన ఒకేసారి చూసుకున్నది ఐదారుగురిని అయి ఉంటుంది, అదీ ఏళ్ల తరబడి. పాతికమందికి, అందులో సగం కొత్తవాళ్లకి, గడియారం పెట్టి చెప్పడం వేరే పని. ఒళ్లు నొప్పుల్ని బట్టి క్లాసుని కొలవడం మాన్పించాల్సింది మనమే.

డల్లాస్_తెలుగు

అమెరికాలోనూ పర్సనల్ ట్రైనర్‌కి ప్రభుత్వ లైసెన్స్ ఉండదండి. జిమ్ యజమానులు, బీమా కంపెనీలు అడుగుతాయి కాబట్టి సర్టిఫికెట్ తప్పనిసరిలా మారింది. నేను వెళ్లే చోట గోడకి ఏఈడీ (ఆగిన గుండెకి షాక్ ఇచ్చే యంత్రం) పెట్టె ఉంటుంది.

ఇంకో విషయం. ఇండియా వచ్చినప్పుడల్లా "నలభై నిమిషాల తబాతా" అని బోర్డులు చూస్తుంటాను. ఇజుమి తబాతా బృందం 1996లో ప్రచురించిన ప్రయోగంలో చేసింది సైకిల్ ఎర్గోమీటర్ మీద, అంటే శ్రమని కొలిచే వ్యాయామ సైకిల్ మీద. 20 సెకన్లు తొక్కడం, 10 సెకన్లు విశ్రాంతి, ఏడెనిమిది రౌండ్లకి మనిషి ఇక తొక్కలేని స్థితికి రావాలి. ఆక్సిజన్ వాడే గరిష్ఠ సామర్థ్యానికి 170 శాతం దగ్గర పని అది. అంతా కలిపి నాలుగు నిమిషాలు. చేసినవాళ్లు కుర్రాళ్లు, వ్యాయామ విద్య చదివేవాళ్లు. అసలు ఆ పద్ధతి జపాన్ స్పీడ్ స్కేటింగ్ జట్టు కోచ్ వాడుతున్నది. దాన్ని నలభై నిమిషాలు చేయగలుగుతున్నారంటే అందులో తబాతా తీవ్రత లేనట్టే. అది తప్పని కాదు, పేరు తెలియకుండా వాడుతున్న ట్రైనర్‌ని మాత్రం రెండు ప్రశ్నలు ఎక్కువ అడగాలి.

మణికొండ_రాత్రిడ్యూటీ

కోచ్ గారూ, మంచి క్లాసంటే ఎలా ఉంటుందో ఒకటి వర్ణించి చెప్పండి. మాకు చూసి పోల్చుకోవడానికి.

బెజవాడ_కోచ్

బాక్స్ జంప్ తీసుకుందాం.

కొత్తవాళ్లకి నేను ముందు పెట్టె ఇవ్వను. నేల మీదే చిన్నగా ఎగిరి దిగమంటాను, మ్యూజిక్ ఆపేసి. దిగేటప్పుడు పాదాల చప్పుడు వినాలి. దబ్బుమని వచ్చిందంటే మోకాళ్లు, తుంటి వంగడం లేదు, బరువంతా కీళ్ల మీదే పడుతోంది. చప్పుడు మెత్తబడ్డాక చీలమండ ఎత్తు స్టెప్, అదీ ఎక్కి దిగడమే. ఎగిరేది తర్వాత. ఎగిరి ఎక్కినా కిందికి ఎప్పుడూ ఒక్కో కాలు వేసి దిగాల్సిందే, వెనక్కి దూకడం మా హాల్లో లేదు. మడమ వెనక ఉండే స్నాయువు (అకిలిస్ టెండన్) తెగిన కేసులు ఆ వెనక్కి దూకి వెంటనే పైకి ఎగిరే దగ్గరే ఎక్కువ. బర్పీ కూడా అంతే. చేతులు నేల మీద కాకుండా బెంచీ మీద పెట్టి, కాళ్లు ఒక్కొక్కటిగా వెనక్కి వేసి, చివర్లో గెంతు లేకుండా చేస్తే బీపీ ఉన్నవాళ్లకి తల తిరగడం తగ్గుతుంది. దీన్ని 'ఈజీ వెర్షన్' అని పిలవను. అలా పిలిస్తే ఎవరూ చేయరు. మొదట ఇదే అందరికీ చూపించి, బాగా వచ్చినవాళ్లకి పై మెట్టు చెబుతాను.

చూడాల్సిన ఇంకో గుర్తు, ట్రైనర్ క్లాసు మొత్తం తానే చేస్తున్నాడా. తాను బర్పీలు కొడుతూ నేల చూస్తుంటే మిమ్మల్ని చూసేదెవరు? చేసి చూపించాక లేచి తిరగాలి. వెనక వరుసలోకి రావాలి, ఎందుకంటే కొత్తవాళ్లు అక్కడే దాక్కుంటారు. పైగా రోజుకి ఐదు క్లాసులు తానూ చేస్తే ఆ అబ్బాయి శరీరం ఏడాదిలో పాడవుతుంది.

విశ్రాంతి సంగతి. కొత్తవాళ్లకి 20 సెకన్ల పనికి 40 సెకన్ల విశ్రాంతి ఇస్తాను, ఒక్కోసారి అరవై. అలసిపోయిన చివరి రౌండ్లలో బరువులు తలపైకి ఎత్తే పని పెట్టను. అలసటలో చేసే తీరు (ఫామ్) చెడుతుంది, చెడిన ఫామ్‌లో బరువు ఉండకూడదు. ఆ చివరి నిమిషాలకి సైకిల్, రోయింగ్, స్లెడ్ తోయడం లాంటివి మేలు. అవి వదిలేసినా మీద పడవు. బ్యాచ్‌లో పన్నెండు మంది దాటితే నాకు రెండో కోచ్ కావాలి. పాతికమందికి ఒక్కడంటే నేనైతే ఒప్పుకోను.

చివరిగా, ఎవరైనా ఆగిపోతే మైకులో "కమాన్, డోంట్ స్టాప్" అని అరిచే చోట చేరకండి. ఆగిన మనిషి దగ్గరికి వచ్చి మెల్లగా "ఎలా ఉంది? కళ్లు తిరుగుతున్నాయా?" అని అడగాలి.

ఉప్పల్_నర్స్

ఎమర్జెన్సీలో పనిచేస్తాను. రెండు విషయాలు ప్రతి ట్రైనర్‌కీ తెలిసి తీరాలి.

ఒకటి రాబ్డో, అంటే రాబ్డోమయోలైసిస్. అలవాటు లేని కండరాన్ని ఒక్కసారిగా అతిగా వాడితే కండరం చితికి, అందులోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి వచ్చి కిడ్నీల్ని దెబ్బతీస్తుంది. గుర్తులు: మామూలు నొప్పికి మించిన నొప్పి, వాపు, చేయి చాచలేకపోవడం, మూత్రం కోలా రంగులో రావడం. ఇది లావుగా ఉన్నవాళ్లకో పెద్దవాళ్లకో వచ్చేది అనుకోకండి. మొదటిసారి స్పిన్ క్లాసుకి వెళ్లిన ఆరోగ్యవంతులైన యువకుల్లో వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. జ్వరం తగ్గాకో, పెళ్లిళ్ల సీజన్‌లో నెల గ్యాప్ ఇచ్చాకో వచ్చి పాత లెక్కతోనే మొదలుపెట్టేవాళ్లు కూడా జాగ్రత్త. ఆ రంగు కనిపిస్తే ఇంట్లో కొబ్బరినీళ్లు తాగి పడుకోవద్దు, అదే గంటలో ఆసుపత్రికి రండి. సీకే అనే రక్తపరీక్షతో తెలిసిపోతుంది. నొప్పి మాత్రలు వేసుకుని వస్తారు చాలామంది, వాటిలో కొన్ని కిడ్నీకి ఇంకా భారం.

రెండోది గుండె ఆగడం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో యువ కానిస్టేబుల్ ఒకరు జిమ్‌లో వ్యాయామం చేస్తూనే కుప్పకూలి చనిపోయారు, ఆ సీసీటీవీ దృశ్యం అందరం చూశాం. అలాంటప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు నీళ్లు చల్లుతూ, అరికాళ్లు రుద్దుతూ సమయం పోగొడతారు. మనిషి పలకకుండా, మామూలుగా ఊపిరి తీయకుండా ఉంటే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు ఛాతీ మధ్యలో నొక్కడం మొదలుపెట్టాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతు, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనిస్తూ. సీపీఆర్, షాక్ రెండూ అందకపోతే గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. నోటితో ఊపిరి ఇవ్వడం రాకపోయినా ఛాతీ నొక్కడం ఒక్కటైనా చేయాలి. స్టూడియోలో అడగండి: ఇప్పుడు ఎవరైనా పడిపోతే ఎవరు నొక్కుతారు, ఎవరు ఫోన్ చేస్తారు, గేటు ఎవరు తీస్తారు? తడుముకోకుండా చెప్పగలిగితే అది మంచి చోటు.

ఒంగోలు_అబ్బాయి

మా నాన్నగారికి 58, షుగర్. గ్లిమెపిరైడ్ వాడతారు. యూట్యూబ్ చూసి హిట్ క్లాసుకి వెళ్తానంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఆపేయమనాలా?

గాజువాక_ఫిజియో

ఆపేయమనకండి, క్రమం మార్చండి బాబూ. గుండె జబ్బు ఉన్నవాళ్లకే పర్యవేక్షణలో ఇంటర్వెల్స్ చేయిస్తున్నారు. నార్వేలో మూడు పునరావాస కేంద్రాల్లో 4,846 మంది గుండె రోగుల వ్యాయామాన్ని గమనించి 2012లో ప్రచురించారు. మధ్యస్థ వ్యాయామంలో 1,29,456 గంటలకి ఒకరు గుండె ఆగి చనిపోయారు. తీవ్ర ఇంటర్వెల్స్‌లో 46,364 గంటలకి రెండుసార్లు గుండె ఆగింది, ఇద్దరూ బతికారు. ముప్పు చాలా తక్కువ, అయితే తీవ్రతతో పాటు కొంత పెరుగుతుంది. అది కూడా శిక్షణ ఉన్నవాళ్లు పక్కనుండి చేయించిన చోట. ఆ తేడా మరచిపోవద్దు.

నాన్నగారికి ముందు డాక్టరు పరీక్ష, కంటి వెనక రెటీనా పరీక్ష. రెటీనాలో రక్తనాళాలు బాగా దెబ్బతిని ఉంటే గెంతడం, ఊపిరి బిగబట్టి బరువులెత్తడం వద్దు. గ్లిమెపిరైడ్‌తో షుగర్ పడిపోవచ్చు, కాబట్టి పరగడుపున క్లాసుకి వెళ్లకూడదు, జేబులో గ్లూకోజ్ ఉండాలి, ట్రైనర్‌కి ఆ సంగతి తెలిసి ఉండాలి. చెమట, వణుకు, తికమక కనిపిస్తే "అలసిపోయాడులే" అనుకునే ట్రైనర్ చేతిలో పెట్టకండి. పాదాలకి తిమ్మిరి ఉంటే బూట్లు వేసుకునే ముందూ విప్పాకా పాదాలు చూసుకోవాలి. కొన్ని వారాలు నడక, తర్వాత నడకలోనే నిమిషం వేగంగా, రెండు నిమిషాలు మెల్లగా. ఆయన వయసుకి అదే ఇంటర్వెల్ ట్రైనింగ్.

వరంగల్_బార్‌బెల్

ఒక ముచ్చట మిగిలింది. క్లాసు చెప్పేటాయనే కౌంటర్ వెనక నిలబడి పౌడర్లు, ఫ్యాట్ బర్నర్లు అమ్ముతుంటే వెంటనే బయటికి రండి. ఇంజెక్షన్ల మాట ఎత్తితే ఇంకో మాట మాట్లాడకండి. స్టెరాయిడ్లు షెడ్యూల్ హెచ్ మందులు, డాక్టర్ చీటీ లేకుండ అమ్మకూడదు. ఆపరేషన్ టైంల బీపీ పడిపోతే ఇచ్చే మెఫెన్‌టర్మిన్‌ని జిమ్ పిల్లలకు అంటగడుతున్నరు, పోలీసులు పట్టుకున్న వార్తలు మన దగ్గరే వచ్చినయి. అదేసుకుని హిట్ చేస్తే గుండె ఏం కావాలె? ట్రైనర్ పని వ్యాయామం నేర్పడం. మందులు, జబ్బుకి డైట్ చార్టులు ఆయన పని కాదు. ఈ విషయంలో నేను ఎవరి తరఫున వకాల్తా పుచ్చుకోను.

నిజాంపేట_41

అందరికీ చాలా థాంక్స్. నిన్న మళ్లీ స్టూడియోకి వెళ్లి మాట్లాడాను. ఆ అబ్బాయి ఫోన్‌లో సర్టిఫికెట్ చూపించాడు. ఏసీఈదే, కానీ గడువు నిరుడే అయిపోయింది. పక్కన ఓనర్ ఉన్నాడు, పాపం మొహం చిన్నబోయింది. పార్‌క్యూ ఫారం సంగతి చెబితే "పంపండి మేడమ్, ప్రింట్ తీసి పెడతాను" అన్నాడు. ఓనర్ మాత్రం "ఇవన్నీ అడిగితే కస్టమర్లు భయపడతారు" అంటున్నాడు. నా మాత్ర మెటోప్రోలాలేనండి ఫిజియో గారూ. ఇప్పుడేం చేయమంటారు?

బెజవాడ_కోచ్

ఆ అబ్బాయి మీద నాకు నమ్మకం కలుగుతోంది. అడిగితే చూపించాడు, ఫారం తీసుకుంటానన్నాడు. ఓనర్‌తో మీరొక్కరే కాకుండా బ్యాచ్‌లో నలుగురు కలిసి మాట్లాడండి. మూడు అడగండి: ఫారం, స్టాఫ్ అందరికీ సీపీఆర్ శిక్షణ, రెన్యువల్ ఖర్చు స్టూడియో పెట్టుకోవడం. మూడు నెలలది ఒకేసారి కట్టకండి, ఒక నెలకి కట్టి చూడండి. డాక్టరు గారిని కలిసేదాకా అదీ వద్దు.

గాజువాక_ఫిజియో

మెటోప్రోలాల్ అయితే వాచీ చూడ్డం మానేయండి, మాట పరీక్షే మీకు. క్లాసు అయిపోగానే కూర్చోకుండా ఐదారు నిమిషాలు మెల్లగా నడవండి, బీపీ మందుల మీద ఉన్నవాళ్లకి ఉన్నట్టుండి ఆగితే కళ్లు తిరుగుతాయి.

రామగుండం_షెడ్

నేనూ ట్రైనర్‌నే, ఇదంతా చదివి మా దగ్గరా ఫారం మొదలుపెట్టినం. ఒక డౌట్ అన్నా. మాది రేకుల షెడ్డు, ఏసీ లేదు. మే నెలలో సాయంత్రం ఐదు బ్యాచ్ నడపాల్నా వద్దా?

బెజవాడ_కోచ్

సాయంత్రం ఐదుకి రేకులు ఇంకా సెగ కక్కుతుంటాయి తమ్ముడూ. వీలైతే పొద్దున ఐదున్నరకి మార్చు. కుదరకపోతే ఏడు తర్వాత పెట్టి, తీవ్రత తగ్గించి, విశ్రాంతి రెట్టింపు చెయ్. ఎండలకి శరీరం అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, ఆ రోజుల్లో కొత్తవాళ్లని అసలు తోయకు. చెమట పడుతూనే ఉన్నా సరే, మాట తడబడినా, అడుగులు తూలినా అది వడదెబ్బే అనుకుని వెంటనే ఒంటి మీద నీళ్లు పోసి, ఫ్యాన్ కింద పెట్టి 108కి ఫోన్ చేయించు. షెడ్‌లో ఒక థర్మామీటర్ తగిలించి, ఐదింటికీ ఏడింటికీ ఎంత చూపిస్తోందో ఇక్కడ రాయి. దాన్ని బట్టి రౌండ్లు ఎన్ని తగ్గించాలో చెబుతాను.